పాత చీర నించి కొలువు చీర దాకా: దళిత స్త్రీల ఉద్యోగపు బట్టల చరిత్రపై కొన్ని గమనికలు

దళిత స్త్రీల చరిత్ర అనగానే మన పరిశోధకులు భూమి, కూలి, వెట్టి, జోగిని, అత్యాచారం, మారణకాండ అనే మాటల దగ్గర ఆగుతున్నారు. ఆగాల్సిందే. కాని ఆ మాటల పక్కనే మరో మాట ఎప్పట్నించో పడి ఉంది. దాన్ని ఎవరూ వంగి తీయలేదు. అది బట్ట. రిజర్వేషన్ ద్వారానో, మిషన్ బడి ద్వారానో తొలిసారి నెలజీతం ఉద్యోగంలోకి వచ్చిన మాల మాదిగ ఆడపిల్ల ముందున్న మొట్టమొదటి సమస్య పాఠం ఎట్లా చెప్పాలి, ఫైలు ఎట్లా రాయాలి అన్నది కాదు. అవి చదువుకునే వచ్చింది. సోమవారం ఏం కట్టుకు పోవాలి, మంగళవారం ఏం కట్టుకు పోవాలి అన్నది సమస్య. దీన్ని ‘ఆడవాళ్ళ సోకు’ అని కొట్టిపారేసే మగ మేధావులు మనలోనూ ఉన్నారు. తమ చొక్కాలు ఇస్త్రీ చేస్తున్న చేతులు ఎవరివో వాళ్ళు వొకసారి చూసుకుంటే ఈ చర్చ సగం అక్కడే తీరుతుంది.

ఉద్యోగినులు ఎట్లా తయారు కావాలో చెప్పే పేజీలు స్త్రీల పత్రికల్లో ఎప్పట్నించో వస్తున్నాయి. నాలుగైదు నేతచీరలుంటే చాలు, గంజిపెట్టి కట్టుకుంటే హుందాగా ఉంటుంది, మెడలో సన్న గొలుసు, చేతికి గడియారం, అంతే, తక్కువ ఖర్చులో అయిపోతుంది అంటారు. ఎవరి తక్కువ ఖర్చు ఇది? ఆ లెక్కలో బీరువా ముందే ఉంది. బీరువాలో అమ్మ చీరలున్నాయి, పెళ్ళి చీరలున్నాయి, పుట్టింటి సారె ఉంది, పేరంటాల్లో వచ్చిన రవికల ముక్కలున్నాయి. వాటి మీద ఇంకో నాలుగు కొనుక్కుంటే తక్కువ ఖర్చే. పేరంటానికి పిలుపే లేని వాడ నించి వచ్చిన మనిషి రవిక ముక్క కూడా దుకాణంలో కొనాలి. అగ్రకుల స్త్రీకి బట్టలు బంధుత్వం ద్వారా వస్తాయి, దళిత స్త్రీకి జీతం ద్వారా రావాలి. ఈ తేడా ఎంత పాతదో చూడకుండా ఇవాళ్టి ఉద్యోగిని బట్టల ఖర్చు గురించి మాట్లాడటం కుదరదు.

మనుస్మృతి పదో అధ్యాయం చండాలురికి ఏం బట్ట ఉండాలో నిర్ణయించింది. శవాల మీది గుడ్డలే వాళ్ళ వస్త్రాలు, ఇనుమే వాళ్ళ ఆభరణం అంది. ఇది శాస్త్రం మాత్రమే, ఆచరణలో ఇంత లేదు అని వాదించే చరిత్రకారులున్నారు. శవం మీది గుడ్డ కాకపోవచ్చు, బతికున్నవాళ్ళు వొదిలేసిన గుడ్డ మాత్రం మన ఊళ్ళలో నిన్నమొన్నటి దాకా కూలిలో భాగం. పాలేరుకు ఏడాదికి ఇన్ని బస్తాల గింజలు, వొక పంచె, వొక గొంగడి, వొక జత చెప్పులు అని మాట్లాడుకునేవాళ్ళు. పాలేరు పెళ్ళాం పేరు ఆ ఒప్పందంలో ఉండదు. ఆమె పేడ తీసి, వాకిలి ఊడ్చి, బియ్యం చెరిగితే పండక్కి దొరసాని పాత చీర వొకటి పడేసేది. అది కూలి కాదు, దయ. కూలి అయితే కొలత ఉంటుంది, అడగొచ్చు. దయకు కొలత లేదు. అంతేగాక ఆ చీర కట్టుకుని ఊళ్ళోకి వచ్చిన ఆడమనిషిని చూడగానే అది ఎవరింటి చీరో ఊరందరికీ తెలుసు. ఆమె వొంటి మీద ఆ ఇంటి పేరు రాసి ఉన్నట్టే.

ఏ బట్ట అన్నదే కాదు, ఎట్లా కట్టాలన్నది కూడా కులం చేతిలోనే ఉంది. మహారాష్ట్రలో మహర్ స్త్రీలు చీర అంచు పైకి కనపడకుండా కుచ్చిళ్ళ లోపలికి దోపుకోవాల్సి వచ్చేదని బేబీ కాంబ్లే తన ఆత్మకథలో రాసింది. అంచు కనపడితే అది పైకులం ఆడవాళ్ళ కట్టు. తిరువాన్కూరులో ఇది ఏకంగా సర్కారు ఉత్తర్వుల దాకా పోయింది. అక్కడ నాడార్ స్త్రీలు రొమ్ము మీద బట్ట వేసుకునే హక్కు కోసం 19వ శతాబ్దం మొదటి సగమంతా కొట్లాడారు. క్రైస్తవంలోకి పోయిన స్త్రీలకు కుప్పాయం అనే కుట్టిన రవిక తొడుక్కోడానికి అనుమతి వచ్చింది గాని, నాయర్ స్త్రీల మాదిరి పైబట్ట వేసుకోరాదని 1829 ప్రకటన మళ్ళీ హద్దు గీసింది. కొట్లాటలు, ఇళ్ళ దహనాల తర్వాత 1859 జూలైలో వచ్చిన ప్రకటన నాడార్ స్త్రీలందరూ రొమ్ము కప్పుకోవచ్చంది. అందులో కూడా పైకులాల స్త్రీల లాగా మాత్రం కాదు అనే మెలిక ఉంది. ఇది గమనించాల్సిన విషయం. కప్పుకోవడం పట్ల అభ్యంతరం పోయాక కూడా, ఒకే రకంగా కనపడటం పట్ల అభ్యంతరం పోలేదు. నూట అరవై ఏళ్ళ తర్వాత మన ఆఫీసుల్లో నడుస్తున్న గొడవంతా ఈ రెండో అభ్యంతరం చుట్టూనే.

పని కోసం ప్రత్యేకంగా బట్ట పెట్టుకోవాల్సి వచ్చిన తొలి స్త్రీలలో సావిత్రిబాయి ఫూలే వొకరు. 1848లో పూనా భిడేవాడలో ఆడపిల్లల బడికి పాఠం చెప్పడానికి నడిచిపోతుంటే దారిపొడుగునా పేడ, బురద విసిరేవాళ్ళు. అందుకని ఆమె దారిలో వొక ముతక చీర కట్టుకుని, బడికి పోయాక ఇంకోటి మార్చుకునేది. మన రచయితలు ఈ కథను ఆమె సహనానికి ఉదాహరణగా చెప్తుంటారు. నాకు అందులో లెక్క కనపడుతుంది. వొక పంతులమ్మ ఉద్యోగానికి రెండు చీరలు కావాల్సి వచ్చింది. బడిలో కట్టుకునేది పనికి, దారిలో కట్టుకునేది కులానికి. శూద్ర, అతిశూద్ర స్త్రీ ఉద్యోగానికి పోవాలంటే ఈ రెండో చీర ఖర్చు మొదటిరోజు నించీ ఆమె మీద పడింది.

ఇక మహద్. 1927 డిసెంబర్ 25న మనుస్మృతిని తగలబెట్టిన సంగతి అందరికీ తెలుసు. అదే మహాసభలో అంబేద్కర్ స్త్రీలతో విడిగా మాట్లాడాడు. మోకాళ్ళ దాకా ఎత్తికట్టే కట్టు, మెడనిండా చేతులనిండా మోటు వెండి ఇత్తడి నగలు మీ కులాన్ని దూరం నించే చాటుతున్నాయి, వాటిని వొదలండి, చీర పాతదైనా సరే శుభ్రంగా ఉండాలి, పాదాల దాకా కట్టండి అని ఆ ప్రసంగం సారాంశం. సభ ముగిసి ఇళ్ళకు తిరిగిపోయేనాటికే చాలామంది కట్టు మార్చారు. ఊర్మిళా పవార్, మీనాక్షీ మూన్ అంబేద్కర్ ఉద్యమ స్త్రీల మీద చేసిన పుస్తకంలో ఈ ఘట్టానికి తగిన చోటు ఇచ్చారు. కొంతమంది స్త్రీవాదులు దీన్ని విమర్శిస్తారు. అగ్రకుల స్త్రీల కట్టును ఆదర్శంగా పెట్టాడు, శ్రమచేసే స్త్రీ కట్టును చిన్నచూపు చూశాడు అంటారు. నాట్లేసేప్పుడు గోచి పెట్టుకుంటే ఎంత సుఖమో మన ఆడవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాని అంబేద్కర్ మాట్లాడింది మడిలో పని గురించి కాదు. బజారులో, కోర్టులో, బడిలో మనిషిని చూడగానే ఎక్కడ కూచోబెట్టాలో తేల్చేసే గుర్తు గురించి. ఆ గుర్తును చెరిపేసే హక్కు గురించి. దీన్ని అనుకరణ అనడం తొందరపాటు.

ఇందుకు ఆరేళ్ళ ముందు, 1921 సెప్టెంబర్‌లో మధురైలో గాంధీ చొక్కా పంచె వొదిలి కొల్లాయి కట్టాడు. పేదల్లో వొకడు కావడానికి బట్ట తగ్గించుకున్నాడు. అంబేద్కర్ సూటు తొడిగాడు. తగ్గించుకోవడానికి ముందు ఉండాలి కదా. నిరాడంబరత ఉన్నవాళ్ళ ఎంపిక, లేనివాళ్ళకు అది మామూలు దినం. ఉద్యోగిని బట్టల విషయంలో ఈ రెండు దారుల తగాదా ఇప్పటికీ తెగలేదు.

తెలుగు నేలకు వస్తే, మాల మాదిగ స్త్రీకి మొదటి కొలువు బట్ట మిషన్ ఇచ్చిన తెల్ల చీర. 1876-78 కరువు తర్వాత ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషన్ చుట్టూ మాదిగపల్లెలు కదిలాయి. 1878 జూలై 3న వొక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత బోర్డింగ్ బడులు వచ్చాయి, వాటిలోంచి బైబిల్ స్త్రీలు, పంతులమ్మలు వచ్చారు. గుంటూరులో లూథరన్ మిషన్ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి 1898లో ఆస్పత్రి తెరిచింది. ఇట్లాంటి ఆస్పత్రుల్లోకి నర్సు పనికి మన పిల్లలు పోయారు. రక్తం, చీము, పరాయి మగవాడి వొళ్ళు ముట్టుకునే పని కాబట్టి పైకులాల వాళ్ళు చాలాకాలం అటు చూడలేదు. అంటు అనేది మనకు తలుపు తెరిచిన చోట్లలో ఇదొకటి.

ఆ తెల్ల చీరను కాస్త ఆగి చూడాలి. అగ్రకుల హిందువుకు తెల్ల చీర వైధవ్యం. మన క్రైస్తవ వాడల్లో పెళ్ళికూతురు తెల్ల చీర కడుతుంది, ఆదివారం ఆరాధనకు ఆడవాళ్ళు తెల్ల చీర కడతారు, నర్సమ్మ తెల్ల చీర కడుతుంది. ఊరు అశుభం అనుకున్న రంగులో ఇంకో ప్రతిష్ఠ ఏర్పడింది. ఆ తెల్లచీర మిషనరీ క్రమశిక్షణ కూడా, అందులో అనుమానం లేదు. జుట్టు ఎట్లా దువ్వాలి, కొంగు ఎట్లా వేయాలి అన్నీ దొరసాని చెప్పినట్టే. ఇక్కడా మెచ్చుకోలుతో పాటు పెత్తనం ఉంది. కాని డబ్బు కోణంలో చూస్తే తెల్లచీరకు వొక గుణం ఉంది. ఎన్ని చీరలున్నాయో ఎవరికీ తెలియదు. రెండే ఉన్నా రోజూ కొత్తదే కట్టినట్టుంటుంది. వొకే తెల్ల రవిక అన్నిటికీ సరిపోతుంది. దండిగా ఖర్చయ్యేది చాకిరీ. మరక నిలవకూడదు, సబ్బు, నీలిమందు, మంచినీళ్ళు కావాలి. మంచినీళ్ళ బావి దగ్గరికి రానివ్వని ఊరిలో తెల్ల చీరను తెల్లగా ఉంచడం ఎంత పనో బయటివాళ్ళ ఊహకు రాదు.

నరసాపురం లేసు కథ కూడా ఈ దారిలోనే ఉంది. 19వ శతాబ్దంలో గోదావరి డెల్టాలో మిషనరీలు లేసల్లిక నేర్పింది ముందు మాల మాదిగ క్రైస్తవ స్త్రీలకే. తర్వాత అది బయటికి పోకుండా ఇంట్లో కూచుని చేసే గౌరవమైన పనిగా కాపు స్త్రీల చేతికి ఎట్లా పోయిందో మారియా మీస్ 1982లో వచ్చిన తన పుస్తకంలో చూపించింది. అల్లినవాళ్ళెవరూ ఆ లేసు తొడుక్కోలేదు, అది ఓడలెక్కింది. మాలలు నేత పని చేసిన చరిత్ర కూడా ఇట్లాంటిదే. కోస్తాలోనూ తెలంగాణలోనూ ముతక గుడ్డ నేసిన మాలలున్నారు, నేతకాని పేరుతో షెడ్యూల్డ్ కులం ఇవాళ్టికీ ఉంది. ఊరికి బట్ట నేసినవాళ్ళు ఊరి పాత బట్ట కట్టుకున్నారు. మన చేనేత చరిత్రలు సాలె, దేవాంగ, పద్మశాలి మగ్గాల దగ్గర మొదలై అక్కడే ముగుస్తాయి. మాలమగ్గం మీద వొక మంచి పరిశోధన రావలసి ఉంది.

బట్ట కొనటంతో ఖర్చు ఆగదు. ఉతకాలి, ఇస్త్రీ చెయ్యాలి, కుట్టించాలి. వీటికి ఊళ్ళో సేవాకులాలున్నాయి, మనకు తప్ప అందరికీ. చాకలి మాల మాదిగ గుడ్డలు ఉతకడు, ఉతికితే ఊరు ఊరుకోదు. మంగలి, చాకలి నిరాకరణ గురించి అంటరానితనం మీద వచ్చిన ప్రతి సర్వేలోనూ ఉంది. దాని అర్థం ఉద్యోగిని రోజులో ఏంటో ఆ సర్వేలు చెప్పవు. పైకులం పంతులమ్మ చీర ఆదివారం మూటలో పోయి మడతపెట్టి తిరిగొస్తుంది. మన పంతులమ్మ పొద్దున్నే అయిదింటికి లేచి తన చీర తనే ఉతుక్కుని, మడతపెట్టి పరుపు కిందో బియ్యం బస్తా కిందో పెట్టుకుంటుంది. చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసుకున్నవాళ్ళు మన ముందుతరంలో చాలామంది. ‘నలగని చీర’ అనేది వొక గంట ఆడమనిషి శ్రమ. ఆ గంటను జీతంలో ఎవరూ లెక్కేయలేదు.

కుట్టుపనిది ఇంకో తీరు. రవిక కుట్టాలంటే వొంటికి టేపు ఆనించాలి. అంటరాని వొంటిని ముట్టుకోకుండా కుట్టడానికి దర్జీలకు వొక మార్గం ఉండేది, పాత రవికను కొలతకు ఇమ్మనడం. దీన్ని మనం ఆది జాకెట్టు అంటాం. అన్ని కులాల ఆడవాళ్ళూ ఇస్తారు, మగ దర్జీ కొలతలు తియ్యడం ఇష్టం లేక. మన విషయంలో అయిష్టం అవతలివైపు నించి కూడా ఉండేది. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచములన్న పేరు వొదిలి ఆది ఆంధ్రులం అని మనవాళ్ళు ప్రకటించుకున్నారు. ఆది రవిక లేకుండా కొత్త రవిక కుట్టించుకోలేని మన ఆడవాళ్ళకు ఆ మాట ఎట్లా వినపడిందో అని నవ్వొస్తుంటుంది. మరి మొదటి రవిక ఎవరు కుట్టారు? చాలా వాడల్లో మిషన్ బడిలో కుట్టు నేర్చుకున్న వొక అక్కో, పిన్నో. కుట్టుమిషన్ మన వాడల్లోకి రావడం చదువు రావడం లాంటిదే. 1974లో ఏర్పడ్డ ఎస్సీ కార్పొరేషన్ అప్పుల్లో గేదెలతో పాటు కుట్టుమిషన్లూ ఉన్నాయి. వాటిని ‘స్త్రీలకు తగిన పని’ అనే చిన్నచూపుతోనే ఇచ్చి ఉండొచ్చు, కాని ఆ మిషన్ ఉన్న ఇంట్లో పిల్లలు చదివారు. 2016లో మనకు దూరమైన రోహిత్ వేములను తల్లి రాధిక కుట్టుపని చేసే పెంచింది.

నా చిన్నప్పుడు మా అమ్మ ప్రకాశం జిల్లాలో సమితి బడి పంతులమ్మ. ఆమె కొలువు బట్టల లెక్క నాకు కంఠతా వచ్చు. చీరలు నాలుగు. రెండు నైలెక్సు, వొక పాలిస్టరు, వొక చీరాల నేతచీర. రవికలు మూడు, నల్లది, మీగడ రంగుది, ఎర్రమట్టి రంగుది. చీర కొనేముందు అమ్మ దాన్ని పట్టుకుని చూసేది జరీ కోసం కాదు, ఈ మూడు రవికల్లో ఏదో వొకదానితో పోతుందా లేదా అని. రవిక గుడ్డ బిట్లు అమ్మే బండి దగ్గర కొనేది. లోపావడాలు రెండు, రెండూ ముదురు రంగువే. కొత్త చీరకు ఫాలు తనే కుట్టుకునేది, పాత చీర ఫాలు విప్పి. నేతచీర ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజుకు, ఆగస్టు పదిహేనుకు. మిగతా రోజులన్నీ నైలెక్సు, పాలిస్టరు. రాత్రి జాడించి ఆరేస్తే తెల్లారేసరికి ఆరి ఉంటుంది, ఇస్త్రీ అక్కర్లేదు, గంజి అక్కర్లేదు, అయిదేళ్ళు చిరగదు. తోటి పంతులమ్మలు కొందరు ‘ఈ ఎండల్లో ఆ రబ్బరు చీర ఎట్లా కడతావమ్మా, నేతచీరలు కట్టుకోరాదూ’ అనేవాళ్ళట. నేతచీరకు వారంవారం గంజి పెట్టాలి, బొగ్గుల ఇస్త్రీ చెయ్యాలి, రెండేళ్ళకు నీరసపడుతుంది. అమ్మకు చెమట పొయ్యటమే చవక.

అమ్మ చీర వెనక దేశం పెద్ద కథే నడిచింది. 1982లో రిలయన్స్ పాతాళగంగలో పాలిస్టర్ నూలు ఫ్యాక్టరీ మొదలైంది. 1985 జౌళి విధానం సింథటిక్ నూలుకు దారి వెడల్పు చేసింది. సూరత్ మరమగ్గాల చీర హైదరాబాదు మదీనాలో, సికిందరాబాద్ జనరల్ బజార్‌లో, బెజవాడ వస్త్రలతలో గుట్టలుగా పడింది. అక్కడి నించి మూటలవాళ్ళు సైకిళ్ళ మీద వాడలకు తెచ్చారు. అదే 1985లో కొన్ని రకాల బట్టను చేనేతకు కేటాయిస్తూ చట్టం కూడా చేశారు. చేనేతకూ రిజర్వేషన్ ఇచ్చారన్నమాట, అమలు మన రిజర్వేషన్ లాగానే. 1991లో నూలు ధర పెరిగి మన రాష్ట్రంలో నేతకార్మికులు ఆకలిచావులు చచ్చారు. కాబట్టి పాలిస్టరును పొగిడి ఊరుకోవడం నాకు చేతకాదు. మనలాంటి కష్టజీవుల మగ్గాల మీద అది పడింది. కాని చేనేతను కాపాడే బాధ్యత మూడు చీరల పంతులమ్మ మీద పెట్టి, ఆమె పాలిస్టరును చూసి మొహం చిట్లించే చేనేత ప్రేమికులతో కూడా నాకు పేచీ ఉంది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1983 నించి సబ్సిడీ మీద ఇచ్చిన జనతా చీరలు ఈ రెండు బతుకుల్నీ ముడిపెట్టిన ప్రయత్నం. నేసేవాడికి పని, కట్టేవాళ్ళకు సగం ధర. కాని జనతా చీర కట్టుకుని ఆఫీసుకు పోయిన మనిషిని చూసి అది కార్డు చీర అని గుర్తుపట్టేవాళ్ళు. మళ్ళీ దొరసాని చీర కథే. ఇక్కడ సర్కారు దొరసాని. 2017లో తెలంగాణలో మొదలుపెట్టిన బతుకమ్మ చీరల్ని ఆ తొలి ఏడే కొందరు స్త్రీలు నడిరోడ్డు మీద తగలబెడితే ‘ఉచితంగా ఇచ్చినా పొగరు’ అన్నారు. ఇచ్చిన బట్టకు నాణ్యత అడగకూడదనే పాత నియమం అది.

1984లో రాష్ట్ర సర్వీసు నిబంధనల్లో 22-ఎ చేరి స్త్రీలకు 30 శాతం కోటా వచ్చింది. 1995లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. షెడ్యూల్డ్ కులాల కోటాలో కూడా ఆడపిల్లలు ముందుకొచ్చారు. ఆఫీసులు, కాలేజీలు, బ్యాంకులు. ఇక్కడే ‘హుందా’ అనే మాట పని మొదలుపెట్టింది. వొక బూడిదరంగు మంగళగిరి చీర, చెవులకు చిన్న పోగులు, మెడ బోసి. ఇది అగ్రకుల ప్రొఫెసరు కట్టుకుంటే అభిరుచి. అదే చీర, అవే పోగులు మన పిల్ల కట్టుకుంటే స్టాఫ్‌రూముకు వచ్చిన కొత్తవాళ్ళు ‘అమ్మా, మేడమ్ ఎక్కడ’ అని ఆమెనే అడుగుతారు. కాబట్టి ఆమె కొంచెం మెరిసే చీర, కనపడేంత గొలుసు వేసుకుంటుంది. అప్పుడు ‘వీళ్ళకు టేస్టు తెలియదు, రిజర్వేషన్ డబ్బు’ అంటారు. సాదా కడితే అటెండరు, బాగా కడితే మిడిసిపాటు. ఈ రెండింటి మధ్య ఇరుకు జాగాలో ఆమె రోజూ పొద్దున బట్ట ఎంచుకోవాలి. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపడానికి ముందు అక్కడ పైకులాలకు కంటగింపైన విషయాల్లో చదువుకున్న మన కుర్రాళ్ళ తెల్లబట్టలు కూడా ఉన్నాయని అప్పట్లో అందరూ రాశారు. ఆఫీసులో చంపరు. నవ్వుతారు, అంతే తేడా.

ఇందుకే యూనిఫాం గురించి మన ఆడవాళ్ళ అభిప్రాయం పైకులం స్త్రీవాదుల అభిప్రాయంతో కలవదు. యూనిఫాం వ్యక్తిత్వాన్ని అణిచేస్తుందని వాళ్ళంటారు. కోర్టులో నల్లకోటు, తెల్ల బ్యాండ్లు వేసుకున్న లాయరమ్మను చూసి ఏ వాడ నించి వచ్చిందో పోల్చుకోవడం కష్టం. అందులో వొక విశ్రాంతి ఉంది. సీనియర్ వొదిలిన కోటు కొలత తగ్గించుకుని తొడుక్కున్నవాళ్ళున్నారు, అది పాత చీర కాదు, వృత్తి వారసత్వం. నర్సులకూ అంతే. అయితే యూనిఫాంలన్నీ వొకటి కాదు. వీధులూడ్చే మున్సిపల్ కార్మికురాలి చీర మీద వేసే రంగు ఏప్రాన్ కూడా యూనిఫామే. అది కులాన్ని దాచదు, ఇంకా వెలుగులోకి తెస్తుంది, పగలు రాత్రి మెరిసేట్టు. 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ మొదలైనప్పటి నించి అంగన్‌వాడీ టీచర్లది జీతం కాదు, గౌరవ వేతనం. వాళ్ళకు యూనిఫాం చీరలిచ్చి, ఉద్యోగులుగా మాత్రం గుర్తించలేదు. వేషం ఉద్యోగిది, పుస్తకంలో స్వచ్ఛంద సేవకురాలు.

పంజాబీ డ్రెస్సు 1990ల్లో మన హాస్టళ్ళలోకి వచ్చింది. దాన్ని ఫ్యాషన్ అని తిట్టిన పెద్దలు లెక్క చూడలేదు. రవిక లేదు, లోపావడా లేదు, ఫాలు లేదు, బస్సెక్కడం సులువు, మూడు టాపులకు వొక నల్ల ప్యాంటు, వొక తెల్ల ప్యాంటు సరిపోతాయి. జీతం తక్కువ ఉద్యోగినికి ఇంతకన్నా చవకైన కొలువు బట్ట ఇంతవరకు రాలేదు. అయినా చాలా ప్రైవేటు బడులు పంతులమ్మలు చీరే కట్టాలని పట్టుబట్టాయి. తక్కువ జీతం ఇచ్చేచోటే ఎక్కువ చీరలు కావాలంటారు. కేరళ ప్రభుత్వం 2021 నవంబర్‌లో టీచర్ల మీద చీర రుద్దకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అక్కడా చాలా ఏళ్ళు ఫిర్యాదులు చేస్తే వచ్చింది అది.

మరి ఇన్నాళ్ళూ మన ఆడవాళ్ళు ఎట్లా నెట్టుకొచ్చారు? పర్మినెంటు ఉద్యోగులకు పండగ అడ్వాన్సు ఉంది, పది వాయిదాల్లో కోసుకుంటారు. ఆప్కో దుకాణాల్లో అరువు ఉండేది. మిగతావాళ్ళకు మూటలవాడి వాయిదాలు, చీటీపాట, డ్వాక్రా అప్పు. హాస్టల్ గదుల్లో అయితే వొక చీర నలుగురిది. బీఈడీ అయిపోయిన ఏడు మా గదిలో వొక ఆకుపచ్చ గద్వాల చీర ఉండేది, అసలు ఎవరిదో ఇప్పుడు గుర్తు లేదు. నలుగురం దాన్నే కట్టుకుని నాలుగు ఇంటర్వ్యూలకు పోయాం. రవిక నలుగురికీ సరిపోదు కాబట్టి పక్కల కుట్లు విప్పడం, వేయడం రాత్రి పని. ముగ్గురికి ఉద్యోగాలు వచ్చాయి.

వచ్చాక ఇంకో చిక్కు. సర్వీసు రిజిస్టరు తెరవాలి, బిల్లు పెట్టాలి, ట్రెజరీలో కదలాలి. కొత్తగా చేరిన టీచరుకు మొదటి జీతం రెండు మూడు నెలలు ఆగడం మామూలే. ఆ రెండు మూడు నెలలు రోజూ ‘హుందాగా’ రావాలి. ఆ బట్టలు అప్పు మీదే కొంటారు, నూటికి మూడు రూపాయల వడ్డీకి, తెలిసినవాళ్ళయితే రెండుకు. కాంట్రాక్టు నర్సు, అవుట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటరు, పార్ట్‌టైం లెక్చరరు విషయంలో ఆ ఆలస్యం మొదటి నెలలతో ఆగదు, ఏడాది పొడుగునా ఉంటుంది, పండగ అడ్వాన్సు అసలే లేదు. కార్పొరేషన్ పద్దుల్లో గేదెకు అప్పుంది, కుట్టుమిషన్‌కు అప్పుంది, ఆటోకు అప్పుంది. ఉద్యోగంలో చేరబోతున్న ఆడపిల్లకు మూడు జతల బట్టలు, వొక జత చెప్పులు, వొక సంచి కొనుక్కోడానికి వడ్డీ లేని అడ్వాన్సు కావాలని మన సంఘాల డిమాండ్ల జాబితాలో నేను వొక్కసారి కూడా చూడలేదు. జాబితా రాసేటప్పుడు ఆ గదిలో ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో అడగాలి.